చుక్క ముందా, తూకం ముందా?

కనుమ నాటి సాయంత్రం. రాజమహేంద్రవరంలో ఒక మేడ మీద, పిట్టల పంజరాల ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరి చేతిలో టానిక్ సీసా, డ్రాపర్. రెండో మనిషి మెట్ల వైపు తిరిగి, "అత్తయ్యా, వంటింట్లో తూకం మిషన్ ఉందిగా, అది కాస్త పైకి తెస్తారా?" అని కేక వేస్తోంది.

పంజరం అడుగున ఒక బూడిదరంగు కాకటీల్ కూర్చుని ఉంది. ఈకలన్నీ ఉబ్బించుకుని బంతిలా అయిపోయింది. నెత్తిన నిక్కబొడుచుకుని ఉండాల్సిన తురాయి వాలిపోయింది. కళ్ళు సగం మూసుకుని కునుకుతోంది. ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ ఊగుతోంది. పిట్టలు పెంచేవాళ్ళకు చూడగానే గుండె జారే దృశ్యం ఇది.

సీసా పట్టుకున్నాయన అనపర్తిలో చాలా ఏళ్ళు కోళ్ళ మందుల దుకాణం నడిపి, వయసు మళ్ళాక ఈ మేడ మీద పిట్టల్ని పెంచుకుంటున్నారు. తూకం మిషన్ అడిగింది ఆయన మేనకోడలు. గన్నవరంలో పశువైద్యం చదివి వేరే ఊళ్ళో ఉద్యోగం చేస్తూ పండక్కి వచ్చింది. ఇంట్లో పిలుచుకునే తీరులోనే వాళ్ళను మావయ్య, అమ్మడు అందాం. ఆ సాయంత్రం మొదలైన వాళ్ళ వాదన రాత్రి భోజనాలు దాటి సాగింది. పంజరం ఉన్న ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు తలెత్తే వాదనే అది: జబ్బుపడిన పిట్టకు ముందుగా ఏం చెయ్యాలి?

"ఇందులో ఆలోచించడానికేముంది తల్లీ," అన్నారు మావయ్య. "మూడ్రోజులుగా ఇంటినిండా చుట్టాలు. భోగి మంటల పొగ. పిల్లలు గంటకోసారి వచ్చి పంజరం ఊపి పోతున్నారు. బెదిరిపోయింది. బెదిరిన పిట్ట మేత మానేస్తుంది, మేత మానేస్తే నీరసపడుతుంది. విటమిన్లు, ఖనిజాలు కలిసిన టానిక్ ఇది. నీళ్ళలో నాలుగు చుక్కలు వేస్తే పొద్దుటికి లేచి కూర్చుంటుంది."

"అది బెదురో రోగమో మనకింకా తెలీదు మావయ్యా. చుక్కలు తర్వాత వేద్దాం, ముందు వెచ్చదనం."

వాదన పక్కన పెట్టి ఇద్దరూ ముందు ఆ పని చూశారు. పిట్టను ఇంకో చిన్న పంజరంలోకి మార్చి, పొగ తగలని లోపలి గదిలో పెట్టారు. మూడు వైపులా పాత దుప్పటి కప్పి, నాలుగో వైపు బయటినుంచి 40 వాట్ల బల్బు పెట్టారు. పుష్యమాసపు చలిలో గది 20 డిగ్రీల దగ్గరుంది. పిట్ట ఒంటి వేడి మాత్రం 40 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆ వేడి నిలుపుకోవడానికే జబ్బు పిట్ట తిన్న కొద్దిపాటి మేతా ఖర్చయిపోతుంది. చుట్టూ గాలి 29 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే ఆ ఖర్చు తగ్గి, మిగిలిన శక్తి కోలుకోవడానికి పనికొస్తుంది. బల్బు ఒక పక్కనే ఎందుకంటే, ఉక్క పోస్తే పిట్ట ఇవతలికి జరగడానికి చోటుండాలి. నోరు తెరిచి ఎగపోస్తూ, రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టిందంటే వేడి ఎక్కువైనట్టు లెక్క. మేత గిన్నె, నీళ్ళ గిన్నె రెండూ దాని ముక్కు దగ్గరే పెట్టింది అమ్మడు. పైదండె ఎక్కే ఓపిక లేని పిట్టకు పై గిన్నెలో ఎంత మేత ఉన్నా లేనట్టే.

అప్పటికి అత్తయ్య తూకం మిషన్ తెచ్చారు. సున్నుండలకు బెల్లం తూచే మిషన్ అది. చిన్న అట్టపెట్టెలో పిట్టను ఉంచి తూస్తే, పెట్టె బరువు పోను 76 గ్రాములు తేలింది.

"కాకటీల్ మామూలుగా 80 నుంచి 100 గ్రాముల దాకా ఉంటుంది. ఇది బాగున్నప్పుడు ఎంత ఉండేది మావయ్యా?"

మావయ్య సమాధానం చెప్పలేకపోయారు. ఎప్పుడూ తూచలేదు.

అమ్మడు పిట్టను సుతారంగా పట్టుకుని రొమ్ము మీద వేలితో తడిమింది. మధ్య ఎముక వేలికి కత్తి అంచులా తగిలింది. రెండు వైపులా ఉండాల్సిన కండ కరిగిపోయింది. "ఇది మూడ్రోజుల బెదురు కాదు. కనీసం వారం పది రోజులుగా చిక్కిపోతోంది. ఉబ్బిన ఈకల కింద మనకు కనబడలేదు," అంది.

పిట్టలకు జబ్బు దాచే గుణం పుట్టుకతో వస్తుంది. గుంపులో నీరసంగా కనబడ్డ పిట్ట మీదే డేగ కన్ను పడుతుంది కాబట్టి, నిలబడే ఓపిక ఉన్నంతసేపూ ఏమీ లేనట్టే తిరుగుతుంది. అడుగున కూర్చుందంటే దాచే శక్తి అయిపోయిందని అర్థం. అందుకే రోజూ ఒకే వేళకు తూచే అలవాటు ఏ మందు సీసా కన్నా ముందు మనకు హెచ్చరిక ఇస్తుంది. పదో వంతు బరువు తగ్గితే అది పెద్ద సంగతే. 35 గ్రాముల బడ్జీ పిట్టకు పదో వంతంటే మూడున్నర గ్రాములు. కంటికి ఆనదు, తూకానికి ఆనుతుంది.

మావయ్య వెనక్కి తగ్గలేదు. తగ్గకపోవడానికి ఆయన దగ్గర బలమైన కారణాలే ఉన్నాయి.

"విటమిన్ అన్న మాట పుట్టిందే జబ్బుపడ్డ పక్షుల వల్ల. నువ్వు చదువుకునే ఉంటావు," అని మొదలుపెట్టారు. "జావాలో, ఇప్పుడు జకార్తా అంటున్న బటావియాలో, ఐక్మన్ అని డచ్చి సైనిక వైద్యుడు ఉండేవాడు. 1890ల నాటి మాట. బెరిబెరి జబ్బుకు కారణం వెతుకుతుంటే, ఆయన పెంచుతున్న కోళ్ళకే అలాంటి జబ్బు వచ్చింది. కాళ్ళు పడిపోయి, మెడలు వాలిపోయి చచ్చిపోతున్నాయి. ఆరా తీస్తే, ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లన్నం వాటికి మేతగా వేస్తున్నారు. కొత్త వంటవాడొచ్చి, సైనికుల బియ్యం కోళ్ళకెందుకని ఆపేశాడు. మళ్ళీ దంపుడు బియ్యం వేసేసరికి కోళ్ళు లేచి తిరిగాయి. తర్వాత లండన్‌లో కాసిమిర్ ఫంక్ తవుడులోంచి సారం తీసి, మెడ వెనక్కి విరుచుకుపోయిన పావురాలకు ఇస్తే అవి తేరుకున్నాయి. 1912లో 'విటమిన్' అనే పేరు పెట్టింది ఆయనే. ఐక్మన్‌కు 1929లో నోబెల్ వచ్చింది. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం తయారు చేసింది. అది చాలకపోతే కోడిపిల్లకు రక్తం పట్టదు, ఈక సరిగా రాదు. తవుడు సారంతో పావురం లేచినప్పుడు, టానిక్‌తో కాకటీల్ ఎందుకు లేవకూడదు?"

అమ్మడు ఈ కథను కొట్టిపారెయ్యలేదు. అదే కథను ఇంకో వైపునుంచి అందుకుంది.

"ఐక్మన్ ముందు ఏం చేశాడో కూడా చెప్పండి మావయ్యా. మొదట సూక్ష్మజీవి కోసం వెతికాడు. జబ్బు కోళ్ళ నుంచి మంచి కోళ్ళకు అంటించాలని చూశాడు. తేలలేదు. అప్పుడు, ఈ మధ్య వీటి విషయంలో ఏం మారిందని అడిగాడు. మేత మారిందని తెలిసింది. అప్పటికీ బియ్యంలో ఏదో విషముందని, తవుడు దానికి విరుగుడని అనుకున్నాడు. అది విషం కాదు, తవుడులో ఉన్నదేదో అందకపోవడమని 1901లో గ్రైన్స్ అనే మరో డచ్చి వైద్యుడు తేల్చాడు. కోళ్ళలో కొరవడింది తవుడులో ఉన్న పదార్థం కాబట్టి తవుడు పనిచేసింది. కాళ్ళు విరిగిన కోడికి తవుడు పెడితే లేచేదా?"

"అయితే ఈ పిట్టకు ఏమీ కొరవడలేదంటావా?"

"కొరవడి ఉండొచ్చు. ఏ పోషకం, ఎంత అన్నది తెలియాలి అంటున్నాను."

నిజానికి మన ఇళ్ళలో పెరిగే పిట్టల్లో చాలావాటికి ఏదో ఒకటి కొరవడే ఉంటుంది. ఈ మాట ఇద్దరూ ఒప్పుకున్నారు. మనవాళ్ళు లవ్ బర్డ్స్ అని కొనుక్కొచ్చేవి ఎక్కువగా బడ్జీలు. ఆస్ట్రేలియా ఎండు మైదానాల పిట్టలవి. 1840లో జాన్ గౌల్డ్ బతికున్న బడ్జీలను ఇంగ్లండు తీసుకెళ్ళాక ప్రపంచమంతా పాకాయి. అడవిలో అవి రకరకాల గడ్డి గింజలు ఏరుకుంటూ రోజుకు మైళ్ళకొద్దీ ఎగురుతాయి. పంజరంలోకి వచ్చాక ఏడాది పొడుగునా కొర్రలు, వాటితోపాటు పొద్దుతిరుగుడు గింజలు. ఎండు గింజల్లో విటమిన్ ఎ దాదాపు ఉండదు. కాల్షియం బహు తక్కువ. పొద్దుతిరుగుడు పప్పులో సగానికి సగం నూనే. పిట్ట ముందు దాన్నే ఏరుకు తింటుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది.

"గింజల మీదే బతికిన పిట్టకు ముక్కు కారడం, కళ్ళ చుట్టూ వాపు, నోట్లో తెల్లటి పొక్కులు చూశాను నేను," అన్నారు మావయ్య. "అదంతా విటమిన్ ఎ లోపమేగా?"

"చాలాసార్లు అదే. నోటి లోపల, ముక్కు దారుల్లో ఉండే మెత్తటి పొర గట్టిపడి రాలిపోతుంది. ఆ సందులోంచి సూక్ష్మజీవులు దూరతాయి. అలాంటి పిట్టకు విటమిన్ ఎ ఇస్తే మేలు జరుగుతుంది. డాక్టర్లు కూడా ఇస్తారు. మీ మాట అక్కడ నూరుపాళ్ళూ నిజం."

"అయోడిన్ సంగతో? బడ్జీలకు గొంతు దగ్గర గ్రంథి వాచి, ఊపిరి తీస్తుంటే టిక్కు టిక్కుమని చప్పుడొచ్చేది. నీళ్ళలో అయోడిన్ చుక్కలు వేస్తే తగ్గేది."

"అదీ నిజమే. గింజల్లో అయోడిన్ చాలక ఒకప్పుడు బడ్జీల్లో ఆ జబ్బు బాగా ఉండేది."

"గుడ్డు అడ్డం పడిన పెంటిపిట్టను కిందటేడు కాల్షియంతోనే దక్కించుకున్నాను."

ఇక్కడ అమ్మడు కొంచెం ఆగింది. గుడ్డు బయటికి రాక పిట్ట అడుగున కూర్చుని ముక్కుతుంటే, అది గంటల్లో ప్రాణం మీదికొచ్చే స్థితి. గుడ్డు పెంకులో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. దానికి సరిపడా కాల్షియం దొరక్కపోతే పిట్ట తన ఎముకల్లోంచి లాగుతుంది. గుడ్డును తోసే కండరాలకు కూడా కాల్షియమే కావాలి. "వెచ్చదనం, కాల్షియం, వీలైనంత త్వరగా డాక్టరు. మీరు చేసింది సరైన పనే. గుడ్ల కాలానికి ముందే పంజరంలో సముద్రపు నురుగు (కటిల్ బోన్) వేలాడదీసి, ఉదయపు నీరెండలో కాసేపు ఉంచితే అసలు అంతదాకా రాదు. కిటికీ అద్దం వెనక ఎండ పనికిరాదు. కాల్షియాన్ని ఒంటికి పట్టించే విటమిన్ డి తయారవడానికి కావాల్సిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. పంజరంలో సగం నీడ ఉంచడం మాత్రం మరవకూడదు," అంది.

మూడు సంగతుల్లో మేనకోడలు ఒప్పుకోవడంతో మావయ్యకు ఉత్సాహం వచ్చింది. "మరింకేం? ఎండాకాలం రాగానే అనపర్తి చుట్టుపక్కల షెడ్లలో నీళ్ళ ట్యాంకుల్లో ఎలక్ట్రోలైట్లు, విటమిన్ సి కలుపుతాం. కలిపిన షెడ్డుకీ కలపని షెడ్డుకీ తేడా కళ్ళారా చూసినవాణ్ణి. బెదురుకు, వడకు అదే మందు."

"కోళ్ళ విషయంలో అది నిజం. విటమిన్ సి పక్షులు ఒంట్లోనే తయారుచేసుకుంటాయి, కానీ ఎండ దెబ్బకు ఆ తయారీ చాలదు. అందుకే బయటినుంచి ఇస్తే పనిచేస్తుంది. అయితే ఆ షెడ్డులో ఎన్ని కోళ్ళున్నాయో, వాటి బరువెంతో, రోజుకు ఎన్ని లీటర్లు తాగుతాయో మీకు లెక్క తెలుసు. ఈ సీసా మీద ఏం రాశారో చదవండి."

మావయ్య కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. నూరు కోళ్ళకు రోజుకు ఇన్ని మిల్లీలీటర్లని ఉంది.

"రెండు కేజీల కోడికి లెక్కకట్టిన మందు అది. మీ బడ్జీ 35 గ్రాములు. అలాంటివి యాభై ఏడు కలిస్తే ఒక కోడి. నాలుగు చుక్కలన్నారు. ఏ లెక్కన నాలుగు?"

చేతివాటం లెక్క వల్ల వచ్చే ముప్పు చిన్నది కాదు. బి విటమిన్లు కాస్త ఎక్కువైనా నీళ్ళతో బయటికి పోతాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరిగేవి కాబట్టి ఒంట్లో పేరుకుంటాయి. డి ఎక్కువైతే కాల్షియం మూత్రపిండాల్లో పేరుకుంటుంది. విటమిన్ ఎ గురించి కాకటీళ్ళ మీదే పరిశోధన జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2003లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గుడ్లూ పిల్లలూ లేని పెద్ద కాకటీళ్ళకు విటమిన్ ఎ తక్కువైనప్పటి కన్నా ఎక్కువైనప్పుడే హాని ఎక్కువ. ఎక్కువైన పిట్టల అరుపుల తీరు కూడా మారిపోయింది. అందుకే అమ్మడు విటమిన్ ఎ కోసం సీసా కన్నా కూరగాయల బుట్టనే నమ్మమంటుంది. క్యారెట్, చిలగడదుంప, మునగాకు, తోటకూరల్లో ఉండే బీటా కెరోటిన్‌ను పక్షి తనకు కావలసినంత వరకే విటమిన్ ఎగా మార్చుకుంటుంది.

"పైగా నీళ్ళలో కలపడంతో ఇంకో చిక్కు," అంటూ అమ్మడు నీళ్ళ గిన్నె చూపించింది. "ఈ పిట్ట రోజంతా తాగేది రెండు మూడు చెంచాలు. జబ్బులో అదీ తాగదు. అంటే దానికి ఎంత మందు అందిందో మనకు తెలీదు. రంగూ రుచీ మారితే అసలు ముట్టదు, దాహంతో ఇంకా చిక్కిపోతుంది. వెలుతురుకు విటమిన్లు గంటల్లో బలం పోగొట్టుకుంటాయి. తీపి నీళ్ళలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మంచినీళ్ళ గిన్నె మంచినీళ్ళ గిన్నెగానే ఉండాలి."

"సరే, నోట్లో పోస్తాను."

"వద్దు మావయ్యా! నీరసంగా ఉన్న పిట్టకు బలవంతాన పోస్తే ఊపిరి గొట్టంలోకి పోతుంది. మేత సంచిలోకి గొట్టం వేసి పట్టడం చేయి తిరిగినవాళ్ళ పని."

"అన్నీ వద్దంటే ఎలా తల్లీ!" మావయ్య గొంతు పెరిగింది. అందులో కోపం కన్నా బాధ ఎక్కువ. "నువ్వు డాక్టరువి, నీకు తెలుస్తుంది. గేదెను చూసే డాక్టరు దొరుకుతాడు. కుక్కను చూసే డాక్టరూ దొరుకుతాడు. పిట్టను చేత్తో పట్టుకునే డాక్టరు ఎన్ని ఊళ్ళలో ఉన్నాడు? మూడొందలు పెట్టి కొన్న జతకు వెయ్యి రూపాయలు ఖర్చుపెడతావా అని నవ్వుతారు. అలాంటప్పుడు మనిషికి దిక్కు ఈ సీసానేగా?"

ఈ ప్రశ్న దగ్గర అమ్మడు చాలాసేపు మాట్లాడలేదు. మావయ్య చెప్పింది ఆమె రోజూ చూస్తున్నదే. పశువైద్యంలో కోళ్ళ గురించి పాఠాలెక్కువ, పెంపుడు పిట్టల గురించి తక్కువ. చిన్న పట్టణాల్లో పంజరం పట్టుకొచ్చిన మనిషి మందుల దుకాణం ముందు నిలబడటానికి కారణం అతని అజ్ఞానం కాదు, మరో గుమ్మం లేకపోవడం.

"దిక్కు లేనప్పుడు కూడా చేయగలిగినవి ఉన్నాయి," అంది చివరికి. "వెచ్చదనం, చీకటి, నిశ్శబ్దం. రాత్రి పది పన్నెండు గంటల నిద్ర. అలవాటైన మేతే ముందు పెట్టడం. ఒంట్లో బాలేనప్పుడు కొత్త మేత అలవాటు చెయ్యకూడదు. అది మేతని గుర్తుపట్టక పస్తుంటుంది. చిన్న పిట్టకు ఒక్క రోజు పస్తు కూడా ప్రమాదమే. కాగితం పరిచి రెట్ట చూడటం, రోజూ తూచి రాసుకోవడం. వీటికి సీసా అక్కర్లేదు. ఈకలు రాల్చే కాలంలో ఉడికించిన గుడ్డు కాస్త పెట్టండి. ఈక దాదాపు అంతా మాంసకృత్తే. ఇవన్నీ చేస్తూ, ఎక్కడో ఒక డాక్టరుకు ఫోన్‌లో రెట్ట ఫొటో, బరువుల పట్టీ పంపినా సగం పని అవుతుంది. టానిక్ పోసి ఎదురుచూస్తే ఆ రోజులన్నీ పోతాయి."

ఎదురుచూస్తే ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెప్పింది. బడ్జీ రోజంతా గింజలు తింటూనే ఉంటుంది, కానీ చిక్కిపోతుంది. రెట్టలో గింజలు అరగకుండా కనబడతాయి. కడుపులో చేరిన ఒక రకం శిలీంధ్రం చేసే పని అది. దానికి శిలీంధ్రం మందే పడాలి. ఎంత బలమైన టానిక్ పోసినా, అరగని కడుపులోంచి జారిపోతుంది. రెండోది, చిలుక జాతి పిట్టలనుంచి మనుషులకూ అంటుకునే జబ్బు సిటకోసిస్. దానికి డాక్సీసైక్లిన్ లాంటి టెట్రాసైక్లిన్ కుటుంబపు మందులు వారాల తరబడి వాడతారు. ఆ మందును కాల్షియం పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. అందుకే చికిత్స జరుగుతున్నన్నాళ్ళూ పంజరంలోంచి సముద్రపు నురుగు, ఖనిజాల టానిక్ తీసెయ్యమంటారు. మేలు చేస్తుందని పెట్టిందే మందుకు అడ్డుపడుతుంది.

మావయ్య చేతిలోని సీసాను బల్ల మీద పెట్టారు. మూత మాత్రం తియ్యలేదు, పారెయ్యనూ లేదు.

అప్పుడు అమ్మడు ఐక్మన్ అడిగిన ప్రశ్నే అడిగింది. "ఈ పది పదిహేను రోజుల్లో ఈ పిట్ట విషయంలో ఏం మారింది మావయ్యా? మేత మారిందా?"

"లేదు. అవే గింజలు."

"కొత్త పిట్టను తెచ్చారా?"

"లేదు."

"పంజరం?"

మావయ్య తలెత్తారు. పాత పంజరం అడుగు తుప్పుపట్టిందని డిసెంబరు ఆఖర్లో కొత్త జాలీ కొనుక్కొచ్చి స్వయంగా అల్లారు. తళతళలాడే జాలీ. ఇద్దరూ మేడ మీదికి టార్చి పట్టుకుని వెళ్ళారు. ఖాళీ పంజరంలో, దండెకు ముక్కు అందేంత ఎత్తులో, జాలీ మీద తెల్లటి గీతలు ఉన్నాయి. తీగలు కలిసే చోట గడ్డకట్టిన పూత అక్కడక్కడా ఊడిపోయి ఉంది. కాకటీల్ ముక్కుతో గీరిన గుర్తులవి.

తుప్పు పట్టకుండా ఇనుప తీగకు పూసేది జింకు. చిలుక జాతి పిట్టకు ఏది దొరికినా ముక్కుతో కొరికి చూడటం స్వభావం. ఊడిన పూత పలుకులు కందనకాయలో చేరి, అక్కడి ఆమ్లానికి కొద్దికొద్దిగా కరుగుతూ ఒంటికెక్కుతాయి. పిట్ట మేత మానేస్తుంది, ఎక్కువ నీళ్ళు తాగుతుంది, రెట్ట పల్చబడుతుంది, చిక్కిపోతుంది. కొత్త జాలీలో పెట్టిన పిట్టల్లో ఇది ఎంత మామూలంటే, విదేశాల్లో పిట్టలు పెంచేవాళ్ళు దీన్ని కొత్త తీగ జబ్బు అనే పిలుస్తారు.

"అదేనని నేను చెప్పలేను," అంది అమ్మడు. "రేపు ఎక్స్‌రే తీస్తే పలుకులేమన్నా ఉంటే కనబడొచ్చు. రక్తం పరీక్షతో ఇంకొంచెం తెలుస్తుంది. జింకే అయితే దాన్ని పట్టి బయటికి పంపే ఇంజక్షన్లు ఉన్నాయి."

మావయ్య ఏమీ అనకుండా కిందికి దిగారు. బల్ల మీది సీసా తీసుకుని, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా వేలు పెట్టి ఒక్కొక్కటే చదవసాగారు. రాగి, మాంగనీసు, అయోడిన్. ఆ తర్వాతి వరుస దగ్గర వేలు ఆగింది. జింకు.

"ఇందులో ఉన్నది చాలా తక్కువే మావయ్యా," అంది అమ్మడు వెంటనే. "నాలుగు చుక్కలతో ప్రాణం పోయేది కాదు. కానీ ఒంట్లో ఎక్కువై పడుకున్నదానికి అదే మళ్ళీ పోసేవాళ్ళం."

ఆయన చాలాసేపు ఆ సీసానే చూస్తూ కూర్చున్నారు. దుకాణం నడిపిన ఏళ్ళన్నింటిలో ఆయన అమ్మినవన్నీ నమ్మి అమ్మినవే. ఆ నమ్మకంలో తప్పు లేదు. లక్షల కోళ్ళను ఎండ దెబ్బ నుంచి కాపాడిన నమ్మకమది. కొక్కెర తెగులుకు టీకా, వడకు ఎలక్ట్రోలైట్లు, ఏ తిప్పలకు ఏది వాడాలో రైతుకు విడమరిచి చెప్పిన మనిషి. షెడ్డు విషయంలో ఆయన ఎప్పుడూ ముందు కారణం అడిగేవారు, తర్వాతే అలమర వైపు చెయ్యి చాచేవారు. పెంచుకున్న పిట్ట కళ్ళు మూసుకుని కునుకుతుంటే మాత్రం, ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేని ప్రేమ ఆ ప్రశ్నను వెనక్కి నెట్టేసింది.

"తక్కినవాటి సంగతి ఏంటి?" అని అడిగారు కాసేపటికి. మిగిలిన రెండు పంజరాలు పాతవే, కానీ ఒకదానికి అడుగున అదే జాలీ వేశారు.

"రేపు పొద్దున్నే ఆ జాలీ తీసేద్దాం. తప్పక ఉంచాల్సొస్తే వెనిగర్ పోసి గట్టి బ్రష్షుతో రుద్ది, బాగా కడిగి, ఎండబెట్టాలి. దాంతో ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. స్టీలు జాలీ అయితే నయం. ఇంకో మాట మావయ్యా, ఆ బడ్జీలకు మాత్రం మీ సీసాతో పని ఉంది."

మావయ్య ఆశ్చర్యంగా చూశారు.

"అందులో ఒకదానికి ముక్కు మీద జిగురు చూశాను. రెండేళ్ళుగా గింజలు తప్ప ఏమీ తినలేదన్నారుగా. నోరు పరీక్ష చేశాక, విటమిన్ ఎ లోపమే అనిపిస్తే, దాని బరువుకు లెక్కకట్టి నేను మోతాదు రాసిస్తాను. ఆ మోతాదు ఎన్నాళ్ళు, ఎప్పుడు ఆపాలి, అదీ రాస్తాను. ఈలోగా రోజూ కాస్త తోటకూర వేలాడదీయండి. మొదటి వారం ముట్టవు. మానకండి."

రాత్రి పదిన్నరకు మళ్ళీ చూశారు. కాకటీల్ అడుగునే ఉంది. కానీ ఒంటి కాలి మీద నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దాచుకుని పడుకుంది. తోక ఊపు కొంచెం తగ్గింది. గిన్నె చుట్టూ నాలుగైదు గింజ పొట్టులు కొత్తగా పడి ఉన్నాయి. అమ్మడు వాటిని లెక్కపెట్టింది. మావయ్య ఇంకోసారి లెక్కపెట్టారు.

తెల్లవారి అయిదింటికి అమ్మడు లేచేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. మావయ్య అట్టపెట్టెను తూకం మిషన్ మీద పెట్టి వంగి చూస్తున్నారు. పక్కన అనపర్తి దుకాణం నాటి ఖాతా పుస్తకం తెరిచి ఉంది. అప్పులు రాసుకునే గళ్ళ పేజీలో కొత్తగా మూడు గడులు గీశారు: తేదీ, బరువు, రెట్ట. మొదటి వరుసలో కనుమ సాయంత్రం 76 అని ఉంది. దాని కింద ఆయన ఆ రోజు తేదీ వేసి, మిషన్ మీద అంకె నిలకడగా ఆగేదాకా కాసేపు చూసి, 75 అని రాశారు.

"ఒక గ్రాము తగ్గింది తల్లీ. ఆసుపత్రి ఎన్నింటికి తెరుస్తారు?" అంటూ, బల్బు తీసి పెట్టె పక్కన వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి సర్దసాగారు.